ప్రామాణిక దాలినాయుడు

సర్క్యులర్ సోమవారం పదకొండింటికి వచ్చింది. పదకొండున్నరకల్లా గుమ్మలూరు తూనికలాఫీసులో ఉన్న పద్నాలుగు మందికీ, తమలో ఒక్కొక్కరి లోపలా ఒక అసలు మనిషి దాక్కుని ఉన్నాడనీ, నెలాఖరులోగా అతన్ని బయటికి తీసి మూడు ప్రతుల్లో సమర్పించాలనీ తెలిసిపోయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఊళ్ళల్లో కాటాలకీ, తూకం రాళ్ళకీ, పెట్రోలు పంపులకీ సరిచూసి ముద్రలేసే ఆ శాఖ మొత్తానికీ పైన ఒక కంట్రోలరుగారుంటారు. ఆయన సెలవు పెట్టి ఏదో కొండమీది శిబిరానికెళ్ళి పదిరోజులు నోరు మూసుక్కూచున్నారు. తొమ్మిదోరోజు పొద్దున్న ఉప్మా తింటుండగా ఆయనకి ఆయన దొరికారు. దొరికినాయన చాలా మంచివాడట. ఇంత మంచి సదుపాయం తనొక్కడే అనుభవించి కిందివాళ్ళకి ఇవ్వకపోవడం అన్యాయమనిపించి, కొండ దిగీ దిగగానే ఫారం స్వ-7 తయారుచేయించారు. స్వ-1 నుంచి స్వ-6 దాకా ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. గవర్నమెంటులో అలా అడగరు.

ఫారంలో మూడే ప్రశ్నలు. ఒకటి: మీరు నిజముగా ఎవరు? (పేరు, హోదా వ్రాయరాదు.) రెండు: మీ జీవిత పరమార్థమేమి? మూడు: మీరు ముసుగు ధరించి జీవించుచున్నారా? అవునన్నచో, ఎప్పటినుండి?

కిల్లంశెట్టి దాలినాయుడు జూనియర్ అసిస్టెంటు. ఇరవయ్యారేళ్ళు, అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. తన గురించి అతనికి కచ్చితంగా తెలిసింది ఆ బరువొక్కటే. అదికూడా ఆఫీసులో కాటా ఖాళీగా ఉంటుంది కాబట్టి. పైగా ఆరోజు అతనికి తొందర. గురువారం కాకపోయినా, గురువారందాకా ఆగే ఓపిక లేక, రేవు బజారుకి బయల్దేరుతున్నాడు.

రేవు బజార్లో గౌరీశ్వరిది ఎండుచేపల కొట్టు. రూలు ప్రకారం ఆ కొట్టు కాటాని ఏడాదికోసారి సరిచూస్తే చాలు. దాలినాయుడు మూడేళ్ళుగా ప్రతి గురువారం సరిచూస్తున్నాడు. దేశం పైకి పంపే రాకెట్లకి కూడా అన్ని పరీక్షలు జరిగుండవు. వెళ్ళినప్పుడల్లా ఒక మాట చెబుదామనుకుంటాడు. గొంతు సవరించుకుంటాడు. "కాటా కరెక్టుగానే ఉందండీ" అని చెప్పి వచ్చేస్తాడు. ఆవిడ కూడా ప్రతిసారీ "హమ్మయ్య, బతికించారు నాయుడుగారూ" అంటుంది, మొహంలో ఒక్క గీత కదలకుండా.

అంచేత దాలినాయుడు ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయటా పెట్టుకుని ఫారం నింపేశాడు. ఒకటి: తెలీదండి. రెండు: ఐదింటికి ఇంటికెళ్ళడం. మూడు: ఎండాకాలంలో, బండిమీద.

ఇచ్చేసి పోయాడు.

ఇక్కడితో అయిపోయేదే. మామూలు ఆఫీసులో అయితే ఫారాలు కట్టగట్టి బీరువాలో పడేసేవాళ్ళు. కానీ ఇది తూనికలాఫీసు. ఈ ఆఫీసు పెద్ద, అసిస్టెంట్ కంట్రోలర్ చింతలపాటి విశ్వపతిరాజుగారు ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో, పక్కన ప్రామాణిక రాయి పెట్టి పోల్చకుండా ఒక్క ముద్ర కూడా వేయని మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, పైకి ఉత్తరం రాశారు.

"తమరి ఆదేశానుసారము సిబ్బంది తమ నిజస్వరూపములను సమర్పించియున్నారు. అయితే సదరు స్వరూపములు నిజమైనవా, కల్తీవా అని దేనితో పోల్చి నిర్ధారించవలెను? కిలోకు ప్రామాణిక కిలో కలదు. లీటరుకు ప్రామాణిక లీటరు కలదు. నిజమైన మనిషికి ప్రామాణిక మనిషి ఈ కార్యాలయపు స్టాకు రిజిస్టరునందు లేడు. తగు చర్య నిమిత్తము."

ఈ ఉత్తరం చదివి హెడ్డాఫీసులో ఎవరైనా నవ్వుంటే కథ వేరేగా ఉండేది. వాళ్ళూ తూనికలవాళ్ళే. ఇంత ముఖ్యమైన విషయం తమకెందుకు తట్టలేదా అని సిగ్గుపడి, ప్రామాణిక మనిషిని వెతకడానికి కమిటీ వేశారు.

కమిటీ రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన మూడువందల పన్నెండు ఫారాలూ తిరగేసింది. మూడువందల పదకొండు ఫారాల్లో మొదటి ప్రశ్నకి ఒకే జవాబు: "నేను ఈ దేహమును కాను, అనంత చైతన్యమును." అక్షరం తేడా లేదు. అందరికీ ఒకే వాట్సాప్ గ్రూపునుంచి వచ్చింది. మిగిలింది ఒక్క ఫారం.

కమిటీ తీర్మానం రెండు వాక్యాలు. "మూడువందల పదకొండు నకళ్ళు. నకలు కానిది ఒక్కటే కనుక అదియే అసలు."

అలా దాలినాయుడు రాష్ట్రానికంతటికీ ప్రామాణిక నిజమైన మనిషి అయ్యాడు. ఆ వార్త విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది దాలినాయుడే. తనలో ఇంత విషయం ఉందని అతనికెప్పుడూ అనుమానం కూడా రాలేదు. తర్వాత కాసేపటికి, అద్దంలో చూసుకుని, ఉందేమోలే అనుకున్నాడు. మనిషి పాడవడానికి ఆ "ఏమోలే" చాలు.

పదింటి నుంచి ఐదింటిదాకా, ప్రామాణిక రాళ్ళని ఉంచే గదిలోనే అతన్నీ ఉంచారు. మూడువైపులా గోడ, ఒకవైపు గాజు అద్దం, ఏసీ ఇరవై ఏడు డిగ్రీలు. నిర్వహణ నియమాలు కొత్తగా రాసే తీరిక లేక, రాళ్ళకున్నవే "రాయి" అన్నచోట "మనిషి" అని దిద్ది గోడకి అంటించారు. ప్రామాణిక మనిషిని ఉత్త చేతులతో తాకరాదు. ప్రామాణిక మనిషిని దైనందిన పనులకు వాడరాదు. ప్రామాణిక మనిషిపై దుమ్ము చేరినచో మెత్తని కుంచెతో తుడవవలెను.

అటెండరు బంగారయ్య రోజూ పదింటికి కుంచె పట్టుకొచ్చేవాడు.

"తల కాస్త వంచండి బాబూ. చెవెనకాల దుమ్ముందని రిమార్కొచ్చింది."

"ఎవరు రాశారు బంగారయ్యా?"

"ఏసీ రాజుగారే. భూతద్దం పెట్టి చూశారు, మీరు కునుకేసినప్పుడు."

అన్నిటికంటే ముఖ్యమైన నియమం చివర్లో ఉంది. ప్రకటించిన తేదీనాడు ప్రమాణం ఎట్లుండెనో ఎల్లకాలమూ అట్లే యుండవలెను. ఆరోజు దాలినాయుడి చొక్కాకి రెండో గుండీ లేదు. ఇక ఎప్పటికీ ఉండకూడదు. వాళ్ళమ్మ సూదీదారం పట్టుకుంటే బంగారయ్య ఇంటికెళ్ళి మరీ ఆపాడు. జుట్టు పెరిగినంతా ప్రతి శనివారం కత్తిరించాలి. బరువు అరవై ఒకటీ నాలుగొందలు దాటితే ఇడ్లీలు తగ్గించేవారు, తగ్గితే సాంబారు పోసేవారు. కొత్తగా ఏమీ నేర్చుకోకూడదు. దినపత్రిక చదవకూడదు, చదివితే అభిప్రాయాలొస్తాయి.

నిజం చెప్పాలంటే దాలినాయుడికి ఇది బాగానే ఉంది. చిన్నప్పట్నుంచీ అందరూ అతన్ని "కాస్త మారరా" అని తిట్టేవాళ్ళే. ఇప్పుడు మారకుండా కూచోడానికి జీవో ఉంది. పనిచేయక్కర్లేదు. కూచోబెట్టి శాలువా కప్పారు. అయితే ప్రకటించిన రోజున శాలువా లేదు కాబట్టి వెంటనే తీసేశారు.

తర్వాత పోల్చడం మొదలైంది. రోజుకి పదిహేనుమంది చొప్పున జిల్లాలనుంచి సిబ్బంది వచ్చి, అతనికెదురుగా కుర్చీలో పది నిమిషాలు కూచోవాలి. అవే మూడు ప్రశ్నలు ముందు దాలినాయుడిని, తర్వాత వాళ్ళనీ అడుగుతారు. నడిపిస్తారు. నవ్విస్తారు. తేడా ఎంతో రాజుగారు రిజిస్టర్లో రాస్తారు. కొలతన్నాక దానికో పేరుండాలి కదా. నిజాయితీగా బతకడానికి కొలమానం "దాలి" అని నిర్ణయించారు. వెయ్యి మిల్లీదాలులు ఒక దాలి. పాతిక మిల్లీదాలుల లోపు తేడా ఉంటే ముద్ర. ఎక్కువుంటే ఇంక్రిమెంటు బంద్.

మొదటివారం ఒక్కరికీ ముద్ర పడలేదు. "అనంత చైతన్యమును" అన్నవాళ్ళందరికీ తొమ్మిదొందల పైచిలుకు తేడా వచ్చింది. రెండోవారం సీనియర్ అసిస్టెంటు జగబంధు పట్నాయక్ వచ్చి కూచున్నాడు. పట్నాయక్ అంటే ఆ ఆఫీసులో అందరికీ హడల్. మెలితిప్పిన మీసం, ఇస్త్రీ మడత నలగని పంట్లాం. ఆరోజు మీసం లేదు. చొక్కాకి రెండో గుండీ లేదు. పీకిన చోట దారం ఇంకా వేలాడుతోంది. కుడికాలి చెప్పు నేలకి రాసుకుంటూ, అచ్చం దాలినాయుడిలా ఈడ్చుకుంటూ వచ్చాడు.

"మీరు నిజముగా ఎవరు?" అన్నారు రాజుగారు.

"తెలీదండి," అన్నాడు పట్నాయక్, ఎడమ చెవి గోక్కుంటూ.

"జీవిత పరమార్థం?"

"ఐదింటికి ఇంటికెళ్ళడం."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "మూడు మిల్లీదాలులు! పట్నాయక్, ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎక్కడ దాచావయ్యా?"

"మీసం వెనకాల సార్."

ఆ కబురు అన్ని జిల్లాలకీ పాకింది. నెల తిరిగేసరికి మూడువందల పదకొండుమందికీ వాళ్ళ అసలు మనిషి దొరికేశాడు. అందరికీ ఒకడే దొరికాడు. ఏ ఆఫీసు చూసినా చెప్పులు ఈడ్చే చప్పుడే. ఆడవాళ్ళు చీరమీద చొక్కా తొడుక్కుని మరీ గుండీ పీక్కున్నారు. గుమ్మలూరులో ఒక పెట్రోలు బంకాయన పంపుకి ముద్ర వేయించుకోడానికొచ్చి, పదమూడుమందినీ వరసగా అడిగాడు. పదమూడుమందీ వరసగా "తెలీదండి" అన్నారు. ఐదవ్వగానే లేచి వెళ్ళిపోయారు. ఆయన ఖాళీ ఆఫీసులో నిలబడి, "మరి ఎవరికి తెలుసునండీ?" అని గోడనడిగాడు. అద్దం వెనక దాలినాయుడికి తెలుసు. కానీ అతన్ని దైనందిన పనులకు వాడరాదు.

ఈ హడావుడిలో ఏడు గురువారాలు గడిచిపోయాయి.

ఎనిమిదో గురువారం గౌరీశ్వరే ఆఫీసుకొచ్చింది. కాటా గోనెసంచిలో చుట్టి, చంకలో పెట్టుకుని, తిన్నగా అద్దం గది ముందుకొచ్చి నిలబడింది. లోపల రాజుగారు ఎవరినో రెండోసారి పోలుస్తున్నారు. బంగారయ్య కుంచె దులుపుకుంటున్నాడు.

"ఏటండీ నాయుడుగారూ, మిమ్మల్నిలాగ బొమ్మని గాజుపెట్లో ఎట్టినట్టు ఎట్టీసేరు?"

దాలినాయుడు లేవబోయి, కదలకూడదని గుర్తొచ్చి కూచున్నాడు. "నన్ను ప్రామాణిక మనిషి చేశారండీ."

"అంటే?"

"నిజంగా బతికేవాణ్ణని."

గౌరీశ్వరి అతన్ని పైనుంచి కిందకి చూసింది. "ఇదేనా బతకడం?"

బంగారయ్య దగ్గాడు. రాజుగారు తలెత్తి, "అమ్మా, కంపనము కలుగుచున్నది, కాస్త మెల్లగా," అన్నారు.

"మెల్లగానే అంతన్నానండి." ఆవిడ కాటా బల్లమీద పెట్టింది. "మీరొచ్చి ఏడు వారాలైపోనాది. ఈ కాటా కరెస్టో కాదో నాకు తెలీటం లేదు."

"ఏడాదికోసారి చూస్తే చాలండీ," అన్నాడు దాలినాయుడు. అని, నాలిక కరుచుకున్నాడు.

"ఆహా." ఆవిడ తల ఊపింది. "మూడేళ్ళనించీ ఆ రూలు మీకు తెలీదనుకున్నాను."

అద్దం అవతల దాలినాయుడి మొహం ఎర్రబడింది. రాజుగారు గబుక్కున పెన్ను తీసి రంగులో మార్పు నమోదు చేసుకున్నారు.

"ఆదివారం మధ్యాన్నం పలాసోళ్ళు నన్ను సూడ్డానికొస్తన్నారు," అంది గౌరీశ్వరి. "నాన్న మాటిచ్చీసేడు. కొట్టుకాడికే వస్తారంట. నానొకటే అడగడానికొచ్చేను. మీరేటైనా సెప్పీదుందా?"

దాలినాయుడి గొంతుదాకా వచ్చింది. మూడేళ్ళుగా గొంతులో ఉన్నదే. కానీ ఎదురుగా రాజుగారు పెన్ను పట్టుకుని చూస్తున్నారు. వెనక మూడువందల పదకొండుమంది ముద్రలున్నాయి. వచ్చేనెల ఇన్‌స్పెక్టరు చేస్తామని పైనుంచి మాటొచ్చింది. ఇంత చల్లటి ఏసీ. ఇవన్నీ ఒకవైపూ, ఆవిడ ఒకవైపూ. అతను ఇవన్నీ వేసి తూచుకుంటుండగానే అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"తెలీదండి."

రాజుగారు "భేష్! సున్నా తేడా!" అన్నారు.

గౌరీశ్వరి కాటాని మళ్ళీ గోనెసంచిలో చుట్టుకుంది. "మంచిదండి," అంది. ఆవిడ వెళ్ళాక బంగారయ్య కుంచె పట్టుకొచ్చాడు.

"బాబూ, తుడవమంటారా?"

"వద్దు."

"నానైతే కుంచెతో కాదు, చీపురుతో తుడుద్దును," అని వెళ్ళిపోయాడు బంగారయ్య.

ఆ రెండురోజులూ దాలినాయుడికి ఇడ్లీ దిగలేదు. శనివారం పొద్దున్న తూస్తే అరవై కిలోల ఆరొందలుంది. అదేరోజు హెడ్డాఫీసునుంచి డిప్యూటీ కంట్రోలర్ కుముదవల్లిగారు ప్రమాణపు వార్షిక తనిఖీకొచ్చారు. ఏడాది ఇంకా కాలేదు కదా అంటే, బడ్జెట్టు సంవత్సరం లెక్కన అయిందన్నారు.

ఇక్కడ ఒక చిక్కొచ్చిపడింది. రాయిని తనిఖీ చేయాలంటే దానికంటే పైమెట్టు రాయితో పోల్చాలి. దాలినాయుడికి పైమెట్టు దాలినాయుడు దేశంలో లేడు. కుముదవల్లిగారు ఒక్క క్షణం ఆలోచించి తేల్చేశారు. "ముద్రపడిన మూడువందల పదకొండు ప్రతులు కలవు కదా. అవన్నియు ఒకదానితో ఒకటి సరిపోలుచున్నవి. వాటితోనే ఇతనిని పోల్చెదము. పట్నాయక్, మీరు ప్రతులందరి తరఫున కూర్చోండి."

పట్నాయక్ చెప్పు ఈడ్చుకుంటూ వచ్చి కూచున్నాడు. ఎదురెదురుగా ఇద్దరు దాలినాయుళ్ళు. కొత్తవాడే ఎక్కువ కుదిరాడని చూసినవాళ్ళన్నారు.

"మీరు నిజముగా ఎవరు?" అని ముందు పట్నాయక్‌ని అడిగారు.

"తెలీదండి."

"మీరు?"

దాలినాయుడు నోరు తెరిచాడు. ఈసారి నోరు దానంతటదే ఏమీ అనలేదు. అతనే అనాల్సొచ్చింది.

"రేవు బజార్లో ఎండుచేపల కొట్టు గౌరీశ్వరిగారంటే ఇష్టమండీ నాకు. మూడేళ్ళుగా చెప్పలేక కాటా చూసొస్తున్నాను. మొన్న తనే వచ్చి అడిగితే, ఇన్‌స్పెక్టరు పోస్టు పోతుందేమోనని తెలీదన్నాను. నేనంతటి వెధవనండీ. ఆ సంగతి మాత్రం బాగా తెలుసు."

రాజుగారి చేతిలోంచి పెన్ను జారింది.

కుముదవల్లిగారు లెక్క వేశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. "ఎనిమిదివందల నలభై మిల్లీదాలుల విచలనము. బరువులో ఎనిమిది వందల గ్రాముల తరుగు అదనము. ఈయన దాలినాయుడు కాడు."

"మేడమ్, పుట్టినప్పట్నుంచీ ఆయనేనండి," అన్నాడు బంగారయ్య.

"అది జనన మరణాల శాఖ పరిధి," అన్నారామె.

తూనికల చట్టంలో, తనిఖీలో నిలబడని రాయి ముద్రని కొట్టేస్తారు. ఆ సాయంత్రం మూడు సంతకాలతో దాలినాయుడి ముద్ర కొట్టేశారు. ఖాళీ అయిన కుర్చీలో, ప్రామాణిక దాలినాయుడిగా జగబంధు పట్నాయక్‌ని కూచోబెట్టారు. ఇన్‌స్పెక్టరు పోస్టూ అతనికే. అసలు దాలినాయుడు ఇకమీద హాజరుపట్టీలో "దాలినాయుడు (తిరస్కృతము)" అని సంతకం పెట్టాలి. సోమవారం నుంచి పదిరోజులు పట్నాయక్ దగ్గర కూచుని తనలా ఉండటం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే ఇంక్రిమెంటు బంద్.

"నీమీద చాలా ఆశలు పెట్టుకున్నానయ్యా," అన్నారు రాజుగారు, గుమ్మందాకా వచ్చి. "ఇంతకీ ఆ అమ్మాయి విషయము... ఎన్ని మిల్లీదాలులుండవచ్చును?"

"దానికి రాయి లేదండి," అన్నాడు దాలినాయుడు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి అతను రేవు బజార్లో ఉన్నాడు. గౌరీశ్వరి కొట్టు ముందు గోనెపట్టా పరిచి ఎండు నెత్తళ్ళ చేపలు కుప్ప పోస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"ఇయ్యాల గురువారం కాదండి."

"కాటా కోసం రాలేదండీ."

"మరేటికి?"

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకిష్టమండీ. మొన్న అబద్ధం చెప్పాను. నన్ను తీసిపడేశారు. ఇన్‌స్పెక్టరు పోస్టు కూడా పోయింది. చెప్పుకోడానికి నా దగ్గర మంచిదేమీ లేదు. నిజమొక్కటే ఉంది, అదీ ఆలస్యంగా."

ఆవిడ చేతులు ఆగాయి. "నిజమే సెప్తన్నారా?"

"ఇకనుంచీ అదే చెప్పాలనుకుంటున్నానండీ."

"అయితే ఒకటడుగుతాను. మూడేళ్ళు ఈ కొట్టుకొచ్చేరు. ఈ ఎండుచేపల వాసన మీకిష్టమేనా?"

దాలినాయుడు కుప్ప వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. ఇష్టమని చెప్పడం ఎంత సుఖం! ప్రేమించినవాళ్ళందరూ అలాంటివే చెబుతారు.

"లేదండీ," అన్నాడు. "కడుపులో తిప్పుతుంది. మూడేళ్ళుగా ఊపిరి బిగబట్టి మీ కాటా చూస్తున్నాను. అందుకే ఒక్క ముక్కకి మించి మాటాడలేకపోయేవాణ్ణి."

గౌరీశ్వరి మొహంలో ఒక్క గీత కదలలేదు కాసేపు. తర్వాత ఒక్కసారిగా అన్నీ కదిలాయి. పమిట నోటికడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి అటూఇటూ చూసి, ముందుకు వంగి మెల్లగా అంది.

"నాకూ పడదండి. పుట్టినకాణ్ణించీ పడదు. ఎవరికీ సెప్పకండేం, బేరం పోద్ది."

మధ్యాహ్నం పలాసవాళ్ళు ఆటో దిగారు. ఎంతో దూరం నుంచి వచ్చారు కదా అని గౌరీశ్వరి వాళ్ళకి సోడాలు తెప్పించి, కుర్చీలు వేసి, నాయుడుగారి విషయం ఉన్నదున్నట్టు చెప్పేసింది. వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనుకోలేదు. రెండు కేజీల నెత్తళ్ళు కొనుక్కుని వెళ్ళారు.